వైవిధ్యం వేరు, సామాజిక న్యాయం వేరు: ఒక బిజినెస్ స్కూల్ చరిత్ర నుంచి నేర్చుకోవాల్సింది

మీ మెయిన్స్ నోట్సు ఒకసారి తెరిచి చూడండి. ‘డైవర్సిటీ’, ‘ఇన్‌క్లూజన్’, ‘సామాజిక న్యాయం’ అనే మూడు మాటలు ఒకే పాయింటులో పక్కపక్కనే కనిపిస్తాయి. కోచింగ్ మెటీరియల్‌లోనూ అంతే. మూడింటి మధ్యా ‘ఈజ్ ఈక్వల్ టు’ గుర్తు ఉన్నట్టే మనం రాసుకుంటూ పోతాం. ఇంజినీరింగ్ నుంచి వచ్చిన మనలాంటివాళ్లకు ఇది మరీ సులువు. ఒక పదానికి బదులు ఇంకో పదం పెట్టినా జవాబు మారదనుకుంటాం.

చరిత్రలో మాత్రం జవాబు మారింది. ఒక దేశం సమాన అవకాశాన్ని ‘వైవిధ్యం’ పేరుతో సమర్థించుకుంది. ఇంకో దేశం ‘హక్కు’ పేరుతో రాజ్యాంగంలో రాసుకుంది. యాభై ఏళ్లు తిరిగేసరికి ఆ రెండు దారులూ రెండు వేర్వేరు చోట్లకు చేరాయి. ఆ తేడా అర్థం కావడానికి ఈ వ్యాసంలో ఒక బిజినెస్ స్కూల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అది అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూల్. దానికీ మన అహ్మదాబాద్ ఐఐఎంకూ ఉన్న బంధం కూడా చివర్లో చూద్దాం.

బిజినెస్ స్కూలే ఎందుకు?

జాతివివక్ష అనగానే మనకు బస్సులో సీటు, హోటల్లో బల్ల, పోలింగ్ బూత్ గుర్తొస్తాయి. బిజినెస్ స్కూల్ గుర్తు రాదు. కానీ రేపు ఎవరికి ఉద్యోగం ఇవ్వాలి, ఎవరికి అప్పు ఇవ్వాలి, ఏ ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టాలి అని నిర్ణయించేవాళ్లు తయారయ్యేది అక్కడే. చట్టం వీధి తలుపు తెరిపించగలదు. ఇంటర్వ్యూ గది తలుపు మాత్రం చాలావరకు లోపల కూర్చున్నవాడి చేతిలోనే ఉంటుంది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. 1920ల నుంచి అక్కడ ‘కేస్ మెథడ్’ స్థిరపడింది. అంటే పాఠం చెప్పరు. ఒక కంపెనీకి నిజంగా వచ్చిన సమస్యను కొన్ని పేజీల్లో ఇచ్చి, ‘ఆ మేనేజర్ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?’ అని అడుగుతారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కథలో నాయకుడు ఎప్పుడూ ఒకే రంగు మనిషి, ఒకే వర్గం మనిషి అయితే, వందల కేసులు చదివాక విద్యార్థి మనసులో ‘నాయకుడు’ అంటే ఒకే ముఖం నిలిచిపోతుంది. ఎవరూ బోధించకుండానే వంటబట్టే పాఠం అది.

డిగ్రీ ఇచ్చారు, కొలువు ఇవ్వలేదు

నేలర్ ఫిట్జ్‌హ్యూ అనే నల్లజాతి విద్యార్థి 1933లో హార్వర్డ్ ఎంబీఏ పూర్తి చేశాడు. ఆ స్కూల్ నుంచి బయటికి వచ్చిన మొదటి కొద్దిమంది నల్లజాతి పట్టభద్రుల్లో ఆయన ఒకడు. చేతిలో దేశంలోకెల్లా పేరున్న డిగ్రీ ఉంది. పెద్ద కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వలేదు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పి, 1965లో గానీ పెప్సీ కంపెనీలో పెద్ద హోదాలో అడుగుపెట్టలేకపోయాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది.

ఆ కాలంలో మనవాళ్ల పరిస్థితి ఏమిటని మీకు అనుమానం రావచ్చు. 1917 వలస చట్టం ఆసియా దేశాల్లో ఎక్కువ భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు ‘తెల్లవారు’ కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. ఆ రోజుల్లోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగి హార్వర్డ్ మెడికల్ స్కూల్లో చేరాడు. కండరాల్లో శక్తికి సంబంధించిన పరిశోధనలో పేరు తెచ్చుకున్నా అక్కడ ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు వెళ్లిపోయాడు. భారతీయులు అమెరికా పౌరసత్వం పొందే వీలు 1946లో లూస్-సెల్లర్ చట్టంతో వచ్చింది. అది కూడా ఏడాదికి 100 మంది వలసదారుల కోటాతో.

ఈ మూడు సంగతులూ కలిపి చదవండి. చదువులో ప్రతిభ చూపినా సరే, తలుపు దగ్గర రంగు చూసి ఆపేవారు.

1964 తర్వాత: చట్టం, దాని వెనక ఐదుగురు విద్యార్థులు

1964 పౌరహక్కుల చట్టంలో రెండు భాగాలు మనకు ముఖ్యం. ఆరో శీర్షిక: కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ సంస్థా జాతి, రంగు, మూల దేశం ఆధారంగా వివక్ష చూపకూడదు. ఏడో శీర్షిక: ఉద్యోగాల్లో వివక్ష కూడదు. 1965 సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్సన్ 11246 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రభుత్వ కాంట్రాక్టులు కావాలంటే కంపెనీలు సమాన అవకాశం కోసం చురుగ్గా చర్యలు తీసుకోవాలన్నది దాని సారం. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన హార్ట్-సెల్లర్ వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసేసింది. ఆ తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు నడిచింది ఆ దారినే. పౌరహక్కుల ఉద్యమం జరగకపోతే ఆ చట్టం అంత తేలిగ్గా వచ్చేది కాదు. మన బంధువుల్లో ఎవరైనా అక్కడ స్థిరపడి ఉంటే, ఆ అవకాశంలో నల్లజాతివారి పోరాటానికీ వాటా ఉందని గుర్తుంచుకోవాలి.

చట్టం రాగానే క్లాసురూములు మారిపోలేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ రెండేళ్ల ఎంబీఏ మొదటి సంవత్సరంలోకి మహిళలను తీసుకున్నదే 1963లో. అదీ ఎనిమిది మందిని. 1960ల చివర వందల మంది ఉన్న బ్యాచిలో నల్లజాతి విద్యార్థులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1968లో ఐదుగురు విద్యార్థులు కలిసి ఆఫ్రికన్-అమెరికన్ విద్యార్థి సంఘం పెట్టి నేరుగా డీన్ దగ్గరికి వెళ్లారు. నల్లజాతి విద్యార్థులను వెతికి తీసుకురావాలని, వారికి ఆర్థిక సాయం ఇవ్వాలని పట్టుబట్టారు. వాళ్లలో లిలియన్ లింకన్ ఒకరు. 1969లో ఆ స్కూల్ నుంచి ఎంబీఏ పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. తర్వాత భవనాల నిర్వహణ కంపెనీ పెట్టి పాతికేళ్లు నడిపింది.

ఇతర చోట్ల కూడా కదలిక వచ్చింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ స్టర్లింగ్ షోన్ 1966లో మూడు విశ్వవిద్యాలయాలను కలిపి ఒక కన్సార్టియం ఏర్పాటు చేశాడు. నల్లజాతి యువకులకు ఫెలోషిప్ ఇచ్చి మేనేజ్‌మెంట్ చదివించడం దాని పని. అయితే విద్యార్థులు పెరిగినంత వేగంగా అధ్యాపకులు పెరగలేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో శాశ్వత ప్రొఫెసర్ హోదా పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి జేమ్స్ క్యాష్. అది 1985లో. 1994లో ‘పీహెచ్‌డీ ప్రాజెక్ట్’ మొదలైనప్పుడు అమెరికా బిజినెస్ స్కూళ్లన్నీ కలిపి చూసినా నల్లజాతి, హిస్పానిక్, స్థానిక అమెరికన్ ప్రొఫెసర్లు 300 లోపే.

‘వైవిధ్యం’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ వ్యాసానికి కీలకం ఈ భాగమే. నెమ్మదిగా చదవండి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 సీట్లు మైనారిటీ వర్గాలకు కేటాయించింది. సీటు రాని తెల్లజాతి అభ్యర్థి అలన్ బకీ కోర్టుకెళ్లాడు. 1978లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు అటు, నలుగురు ఇటు చీలిపోయారు. మధ్యలో నిలిచినది జస్టిస్ లూయిస్ పావెల్. ఆయన రెండు మాటలు చెప్పాడు. ఒకటి, సీట్ల కోటా చెల్లదు. రెండు, జాతిని ప్రవేశాల్లో ఒక అంశంగా చూడవచ్చు. ఎందుకు చూడవచ్చు? సమాజంలో జరిగిన అన్యాయానికి పరిహారంగా అయితే ఆయన ఒప్పుకోలేదు. భిన్న నేపథ్యాల విద్యార్థులు ఉంటే తరగతిలో అందరి చదువూ మెరుగుపడుతుందనే కారణంతో ఒప్పుకున్నాడు. దానికి ఆదర్శంగా ఆయన చూపించినది హార్వర్డ్ కాలేజీ ప్రవేశ విధానాన్నే.

ఏం మారిందో చూశారా? ప్రశ్న ‘వీళ్లకు అన్యాయం జరిగింది, సరిదిద్దాలా?’ నుంచి ‘వీళ్లు ఉంటే మనకేం లాభం?’ దగ్గరికి జరిగింది. హక్కుదారుడు కాస్తా ఉపయోగపడేవాడు అయ్యాడు.

2003లో గ్రటర్ కేసులో మిషిగన్ లా స్కూల్ విధానాన్ని కోర్టు సమర్థించింది. అప్పుడు పెద్ద కంపెనీలు కోర్టుకు వచ్చి, ప్రపంచ మార్కెట్లో పనిచేయాలంటే తమకు వైవిధ్యం ఉన్న ఉద్యోగులు కావాలని వాదించాయి. జస్టిస్ ఓకానర్ ఆ వాదనను తీర్పులో ప్రస్తావించింది. మరో 25 ఏళ్ల తర్వాత ఈ అవసరం ఉండదని ఆశిస్తున్నామనీ రాసింది. బిజినెస్ స్కూళ్లకు ఈ తర్కం బాగా నచ్చింది. ‘వైవిధ్యం వ్యాపారానికి మంచిది’ అన్నది వాళ్ల భాషే కాబట్టి.

క్షమాపణ, ఆ తర్వాత ఎదురుగాలి

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు. జూన్‌లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ డీన్ నితిన్ నోహ్రియా, తమ స్కూల్ జాతివివక్షపై పోరాడవలసినంతగా పోరాడలేదని, నల్లజాతి సభ్యులకు చేయవలసినంత చేయలేదని క్షమాపణ చెప్పాడు. నోహ్రియా ఐఐటీ బొంబాయిలో చదివిన భారతీయుడు. ఆయన తర్వాత 2021లో డీన్ అయిన శ్రీకాంత్ దాతర్ అహ్మదాబాద్ ఐఐఎం పూర్వ విద్యార్థి.

2020 సెప్టెంబరులోనే స్కూల్ జాతి సమానత్వానికి ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కేసుల్లో నల్లజాతి నాయకులు ఎందుకు కనిపించరన్న ప్రశ్న అప్పటికి కొన్నేళ్లుగా ఉన్నదే. స్టీవెన్ రోజర్స్ అనే నల్లజాతి అధ్యాపకుడు స్వయంగా అలాంటి కేసులు రాసి, నల్లజాతి వ్యాపారవేత్తల మీద ప్రత్యేక కోర్సే నడిపాడు. జాతివివక్ష గురించి ‘నేర్చుకోవడం’ అంటే ఒక రోజు వర్క్‌షాప్ కాదని ఆ పని చూపిస్తుంది. సిలబస్‌లో ఎవరి కథ ఉందో లెక్కపెట్టడం, లేనివాళ్ల కథ రాయడం, దాన్ని పరీక్షలో అడగడం. ఒక సంస్థ నేర్చుకోవడం అంటే ఇదే.

మూడేళ్లు తిరగలేదు. 2023 జూన్ 29న ఎస్‌ఎఫ్‌ఎఫ్‌ఏ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని పరిగణించే విధానాన్ని కొట్టేసింది. ఒకప్పుడు ఆదర్శంగా చూపిన హార్వర్డ్ విధానమే ఈసారి ముద్దాయి. ఆసియా-అమెరికన్ విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్నది పిటిషనర్ల ప్రధాన వాదన. వైవిధ్యం వల్ల వస్తుందంటున్న లాభాలను కొలవలేమని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశాడు. 2025 జనవరిలో 11246 ఉత్తర్వు రద్దయింది. మార్చిలో, పీహెచ్‌డీ ప్రాజెక్ట్‌తో భాగస్వామ్యం ఉన్నందుకు 45 విశ్వవిద్యాలయాల మీద అక్కడి విద్యాశాఖ విచారణ ప్రకటించింది.

లాభం చూపి కట్టిన గోడ, ‘ఆ లాభం కొలిచి చూపించు’ అన్న రోజున నిలబడలేకపోయింది.

మన దారి: చంపకం దొరైరాజన్ నుంచి అశోక కుమార్ ఠాకూర్ వరకు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1951లో మద్రాసు రాష్ట్రంలో, అంటే ఆంధ్ర జిల్లాలు కూడా అందులోనే ఉన్న రోజుల్లో, కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 1, ముస్లింలకు 1 ఇచ్చేవారు. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొద్ది నెలల్లోనే మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణ వచ్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతులు, ఎస్సీ, ఎస్టీల అభ్యున్నతికి ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని అది చెబుతుంది. ఆ అధికరణలో ‘తరగతికి లాభం’ అన్న ఊసే లేదు. కారణం వెనకబాటు. ఉద్దేశం అభ్యున్నతి.

తర్వాతి మెట్లు మీకు తెలిసినవే. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు. అందులో ప్రధాన అభిప్రాయం రాసింది మన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి. 2006 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 93వ సవరణతో 15(5). అదే ఏడాది చేసిన కేంద్ర విద్యాసంస్థల చట్టం ద్వారా ఓబీసీలకు 27 శాతం సీట్లు. ఐఐఎంలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. 2008లో అశోక కుమార్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు క్రీమీ లేయర్‌ను మినహాయించి ఆ చట్టాన్ని సమర్థించింది. అమెరికా కోర్టులు వాడే ‘కఠిన పరిశీలన’ కొలబద్ద మనకు వర్తించదని కూడా చెప్పింది. ఈ ఒక్క వాక్యం మీ జవాబులో ఉంటే చాలు, మీరు రెండు దారుల తేడా పట్టుకున్నారని దిద్దేవారికి తెలుస్తుంది.

అహ్మదాబాద్‌లో హార్వర్డ్

మన పునాది గట్టిదే. మరి ఇల్లు?

అహ్మదాబాద్ ఐఐఎం 1961 డిసెంబరులో ఏర్పడింది. విక్రమ్ సారాభాయ్, కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ వంటివారి చొరవ, ఫోర్డ్ ఫౌండేషన్ సాయం, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ సహకారం దాని వెనక ఉన్నాయి. కేస్ మెథడ్ అలాగే వచ్చింది. కేసులో నాయకుడు ఎవరన్న ప్రశ్న కూడా దానితోపాటే వచ్చింది.

ఆ ప్రశ్నకు ఒక మంచి జవాబు చాలా ముందే దొరికింది. తొలి పూర్తికాలపు డైరెక్టర్ రవి మత్తయి 1972లో ఆ పదవి తానే వదులుకున్నాడు. 1975 నుంచి రాజస్థాన్‌లోని జవాజాలో చర్మకారులు, నేతకారులతో కలిసి పనిచేశాడు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వాళ్లూ చేయి కలిపారు. మధ్యవర్తుల మీద ఆధారపడకుండా కొనుగోలు, తయారీ, అమ్మకం ఆ చేతివృత్తులవారే నడుపుకోవాలన్నది లక్ష్యం. మేనేజ్‌మెంట్ నేర్చుకోవలసినది గ్రామస్థులు మాత్రమే కాదు, ప్రొఫెసర్లూ అక్కడ నేర్చుకోవాలని ఆయన నమ్మాడు. ఎథిక్స్ పేపర్‌లో ఉదాహరణ కావాలంటే దీన్ని వాడుకోండి.

కానీ సంస్థల లోపల మార్పు నత్తనడకే. అధ్యాపకుల నియామకాల్లో రిజర్వేషన్ కోసం 2019లో ప్రత్యేక చట్టం వస్తే, ఐఐఎంలు మినహాయింపు కోరాయని 2020 మొదట్లో పత్రికలు రాశాయి. అహ్మదాబాద్ ఐఐఎం పీహెచ్‌డీ ప్రవేశాల్లో రిజర్వేషన్, గుజరాత్ హైకోర్టులో వ్యాజ్యం నడిచాక, 2025 ప్రవేశాల నుంచి వచ్చింది. 15(4) వచ్చిన 1951కీ దీనికీ మధ్య 74 ఏళ్లు. ప్రైవేటు బిజినెస్ స్కూళ్ల సంగతి వేరు. 15(5) అనుమతి ఇచ్చినా, వాటికి వర్తించే కేంద్ర చట్టం అప్పటికీ రాలేదు.

సీటు దొరికాక కూడా కథ అయిపోదు. ‘నీ ర్యాంకెంత?’ అన్న మొదటి ప్రశ్నతోనే హాస్టల్లో కులం బయటపడుతుందని మనలో చాలామందికి తెలుసు. 2012లోనే యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. వివక్ష ఫిర్యాదులు చూడడానికి ప్రత్యేక అధికారి ఉండాలంది. నాలుగేళ్లకు, 2016 జనవరిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం దేశాన్ని కుదిపింది. నిబంధన కాగితం మీద ఉండడం వేరు, సంస్థ దాన్ని నేర్చుకోవడం వేరు.

రెండు అద్దాలు

ఒకరి అనుభవం ఇంకొకరికి అద్దం. డాక్టర్ అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు ఇస్తున్న వినతిపత్రం గురించి అడిగాడు. ఇప్పుడు అదే అద్దం మనవైపు తిరిగింది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో తమ వివక్ష వ్యతిరేక విధానంలో ‘కులం’ చేర్చాయి. సియాటిల్ నగరం 2023లో చట్టమే చేసింది. కాలిఫోర్నియా రాష్ట్ర బిల్లును మాత్రం అదే ఏడాది గవర్నర్ వీటో చేశాడు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఐటీ ఆఫీసులకు ఈ చర్చ దూరమైనది కాదు.

జాతివివక్ష మన దగ్గర లేదనీ అనుకోకండి. 2014లో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి మీద దాడి, అతని మరణం తర్వాత కేంద్రం బెజ్‌బారువా కమిటీ వేసింది. ఈశాన్య రాష్ట్రాలవారిని జాతిపరంగా అవమానించడాన్ని నేరంగా చూసేలా శిక్షాస్మృతిలో కొత్త సెక్షన్లు చేర్చాలని, ఆ ప్రాంత చరిత్రను పాఠాల్లో చెప్పాలని కమిటీ సూచించింది. చూడండి, ఇక్కడా రెండు సూచనలు జంటగా వచ్చాయి: చట్టం, చదువు.

జవాబులో ఎలా రాయాలి?

ఈ చరిత్ర నుంచి మూడు పాయింట్లు నోట్సులో పెట్టుకోండి.

1. వైవిధ్యం సంస్థకు కలిగే మేలు గురించి మాట్లాడుతుంది. సామాజిక న్యాయం మనిషికి ఉన్న హక్కు గురించి మాట్లాడుతుంది. మొదటిది రెండోదాని ఫలితం కావచ్చు. దాని స్థానంలో నిలబడలేదు.

2. అమెరికాలో సిలబస్, కేసులు, అధ్యాపకుల ఎంపిక గురించి సంస్థలు లోపల చర్చించుకున్నాయి, చట్టపరమైన పునాది బలహీనం. మనకు పునాది బలమైనది, లోపలి చర్చ తక్కువ. ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవలసింది ఇదే.

3. మార్పు పైనుంచి దానంగా రాలేదు. 1968లో డీన్ గదికి వెళ్లిన ఐదుగురు, గుజరాత్ హైకోర్టుకు వెళ్లిన పిటిషనర్, ఇలా అడిగినవాళ్లు ఉన్నచోటే తలుపు కదిలింది.

మనం ఈ పరీక్ష పాసైతే రేపు ఏదో ఒక ఇంటర్వ్యూ బోర్డులోనో, సంక్షేమ హాస్టల్ తనిఖీలోనో కుర్చీకి ఇవతలివైపు కూర్చుంటాం. అప్పుడు మన ముందుకు వచ్చే ఫిర్యాదు కాగితాన్ని ‘సున్నితమైన విషయం’ అని పక్కన పెడతామా, హక్కుగా చదువుతామా అన్నది ఈ రెండు మాటల తేడా మనకు ఎంత అర్థమైందన్నదాని మీద ఆధారపడుతుంది.

సాధన ప్రశ్న: “ఉన్నత విద్యాసంస్థల్లో వైవిధ్యం సామాజిక న్యాయానికి ప్రత్యామ్నాయం కాదు.” భారత్, అమెరికా అనుభవాల ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

బకీ కేసు నుంచి ఒక వాక్యం, 15(4) నుంచి ఒక వాక్యం, జవాజా నుంచి ఒక ఉదాహరణ తప్పకుండా వాడి, ఈ రోజే రాసి చూడండి.